డాబా మీద బూడిద, బోరులో ఉప్పదనం

ప్రశ్న: మా ఊరి పక్కన బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రం ఉంది. పగలు చిమ్నీలో పొగే కనబడదు. తెల్లారేసరికి మాత్రం డాబా మీద, ఆకుల మీద బూడిద. రాత్రిపూట వదిలేస్తున్నారా?

జవాబు: ముందు అది చిమ్నీదా, బూడిద చెరువుదా (కేంద్రం తన బూడిదను నీళ్ళతో కలిపి వదిలే చెరువు) తేలాలి. (కూలింగ్ టవర్ల మీది తెల్లటి మబ్బును పట్టించుకోకండి, అది నీటి ఆవిరి.) పొగ చిమ్నీకి చేరేముందు ఈఎస్పీ (విద్యుత్‌తో బూడిదను పట్టే యంత్రం) గుండా పోతుంది. అందులో దాదాపు 50 వేల వోల్టుల తీగల మధ్య బూడిద రేణువులు విద్యుదావేశం పొంది రేకులకు అంటుకుంటాయి. సుత్తులు కొడుతుంటే కింది హాపర్లలోకి (గరాటు లాంటి తొట్లు) రాలతాయి. అన్నీ సవ్యంగా ఉంటే 99 శాతానికి పైగా అక్కడే ఆగుతుంది. హాపర్ ఖాళీ చేయకపోతే బూడిద పైదాకా పేరుకుని షార్ట్ అవుతుంది, ఈఎస్పీలోని ఆ భాగం (ఫీల్డ్) ట్రిప్పవుతుంది. యూనిట్‌ను కొత్తగా వెలిగించేటప్పుడు బాయిలర్లో ఆయిల్ మండిస్తారు. కాలని ఆయిల్ రేకుల మీద చేరి అంటుకుంటుందన్న భయంతో అంతవరకు ఈఎస్పీని ఆన్ చేయరు. నల్లపొగ అప్పుడే కనబడుతుంది. కావాలని ఆపేయడమూ అసాధ్యం కాదు.

అయినా ఊరి మీద పడే ముతక బూడిద చాలాసార్లు ఎండిన చెరువుదే. మధ్యాహ్నం గాలికి లేచినది రాత్రి గాలి నిమ్మళించాక దిగుతుంది, అందుకే పొద్దున్నే కనబడుతుంది. రెండు వారాలు డాబా మీద తెల్లటి పళ్ళెం పెట్టి, గాలి ఎటునుంచి వీచిందో రాసుకోండి. చెరువు వైపునుంచి గాలి వీచిన రోజే నిండితే సంగతి తేలినట్టే. కాలేజీ మైక్రోస్కోపులో 400 రెట్లు పెంచి చూస్తే బొగ్గు బూడిద గుండ్రటి గాజు పూసల్లా ఉంటుంది, రోడ్డు దుమ్ము వంకరటింకరగా ఉంటుంది. చెరువులో ఎప్పుడూ పలుచటి నీటి పొర నిలపడం, నిండిన భాగం మీద మట్టి కప్పి గడ్డి పెంచడం: అడగాల్సింది ఇవే.

ప్రశ్న: బూడిద చెరువు కట్టకు దిగువన మా బోరు నీళ్ళు ఈమధ్య ఉప్పగా మారాయి. ఏం పరీక్ష చేయించాలి?

జవాబు: మొదట బోరాన్, సల్ఫేట్, టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం). బూడిదలోని బోరాన్, సల్ఫేట్ రెండూ మట్టికి అంతగా అంటుకోవు, ఊటతోపాటు అన్నిటికంటే ముందు వచ్చేస్తాయి. ఆర్సెనిక్ అనే విషం మెల్లగా కదులుతుంది, అది లేదని ఊరట పడకండి. చెరువుకు ఎగువన ఉన్న బావి నీటినీ అదే రోజు పరీక్షించకపోతే పోల్చడానికి ఏమీ ఉండదు. పంపు పది నిమిషాలు నడిచాకే పట్టండి. ప్లాస్టిక్ సీసా వాడండి, ల్యాబు గాజులోంచే బోరాన్ నీళ్ళలోకి దిగవచ్చు. లోహాలకు వేరే సీసా, అందులో వేయాల్సిన నైట్రిక్ ఆమ్లం ల్యాబువాళ్ళే ఇస్తారు. వానలకు ముందొకసారి, తరువాతొకసారి చేయించండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం తాగే నీటిలో లీటరుకు ఆర్సెనిక్ 0.01, ఫ్లోరైడ్ 1.5, బోరాన్ 2.4 మిల్లీగ్రాములు దాటకూడదు. నిమ్మ జాతి చెట్లకు బోరాన్ 1 మిల్లీగ్రాము కూడా ఎక్కువే, ఆకు కొసలు మాడతాయి. కాచితే లోహాలు పోవు, నీరు ఇంకి ఇంకాస్త చిక్కబడతాయి. మామూలు ఆర్‌ఓ యంత్రం బోరాన్‌ను సరిగా ఆపలేదు.

ప్రశ్న: కట్ట అడుగున నీరు ఊరుతోంది. తెగుతుందా?

జవాబు: తేటగా, ఎప్పుడూ ఒకే మోతాదులో ఊరితే కంగారు లేదు. ఊట బూడిద రంగుకు తిరిగినా, ధార పెరిగినా లోపల సొరంగం పడుతోందన్నమాట. అదే రోజు కేంద్రానికి చెప్పండి, కట్ట కింద ఎవరినీ పడుకోనివ్వకండి. అమెరికాలోని టెన్నెసీలో కింగ్‌స్టన్ కేంద్రం కట్ట 2008 డిసెంబర్ 22న తెల్లవారకముందే తెగి దాదాపు 41 లక్షల ఘనపు మీటర్ల బూడిద బురద ఇళ్ళ మీదికి, నదిలోకి వచ్చింది.