బీకాం తర్వాత ఎన్జీవో మేనేజ్‌మెంట్ చదవొచ్చా? నేను చదివాను కాబట్టి చెబుతున్నా

మీ ప్రశ్నలో ముఖ్యంగా మూడు సంగతులున్నాయి. బీకాం అయ్యాక స్వచ్ఛంద సంస్థలు, ప్రభుత్వ పథకాల నిర్వహణ మీద పీజీ చేస్తే లాభముందా, ఎక్కడ చదవాలి, ఇంట్లో నాన్నగారు బ్యాంకు కోచింగే అంటుంటే ఏం చెప్పాలి. నాదీ బీకామే. తర్వాత రాష్ట్రం బయట రెండేళ్లు రూరల్ మేనేజ్‌మెంట్ చదివాను. ఇప్పుడు బడి పిల్లల చదువు మీద పనిచేసే ఒక సంస్థలో కార్యక్రమాలూ, వాటికొచ్చే నిధులూ చూస్తున్నాను.

ముందుగా, మీ బీకాంను తక్కువ చేసుకోవద్దు. ఈ కోర్సులకు వచ్చేవాళ్లలో చాలామంది సేవ చేయాలన్న ఉత్సాహంతో వస్తారు, లెక్కల పేపరు అనగానే మొహం తిప్పుకుంటారు. ఉద్యోగంలో చేరాక మాత్రం అందరూ వెతికేది లెక్కలు తెలిసిన మనిషినే.

ఒక ఉదాహరణ చెబుతాను. విదేశీ విరాళాలు తీసుకోవాలంటే ఎఫ్‌సీఆర్ఏ, అంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద రిజిస్ట్రేషన్ కావాలి. 2020లో ఆ చట్టాన్ని సవరించాక పాలనా ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. డబ్బు ముందు ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలోని ఖాతాకే రావాలి. అలా వచ్చినదాన్ని ఇంకో సంస్థకు పంచడానికి వీల్లేదు. పెద్ద సంస్థ దగ్గర నిధులు తీసుకుని ఏదో మండలంలో పని చేసుకునే చిన్న సంస్థలకు ఈ చివరి నిబంధనతో దారి మూసుకుపోయింది.

ఇక ఆ 20 శాతం సంగతి. బడిలో టీచరు జీతం పాలనా ఖర్చు కిందకు రాదు, అది సంస్థ ఆశయం కోసం నేరుగా పెట్టిన ఖర్చు. ఆఫీసు అద్దె, అకౌంటెంట్ జీతం వస్తాయి. మరి వారంలో సగం రోజులు ఊళ్లు తిరిగి, మిగతా సగం ఆఫీసులో కూర్చుని రిపోర్టులు రాసే కోఆర్డినేటర్ జీతం ఏ పద్దులో వేస్తారు? టూర్ డైరీ, టైమ్‌షీటు సరిగ్గా లేకపోతే మా ఆడిటర్ గారు ఒప్పుకోరు. మార్చి నెలంతా మా ఆఫీసులో టెన్షన్ ఇదే. ఇందులో సేవాభావం ఎక్కడుందని అడిగితే, ఈ పద్దు తేడా వస్తే మరుసటేడు టీచర్లకు జీతాలే ఉండవు.

సీఎస్ఆర్, అంటే కంపెనీలు తమ లాభాల్లోంచి సమాజం కోసం పెట్టే ఖర్చు గురించి కూడా అడిగారు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. నికర విలువ 500 కోట్లు, టర్నోవర్ 1,000 కోట్లు, నికర లాభం 5 కోట్లు, వీటిలో ఏ ఒక్కటి దాటినా ఆ కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి. ఉద్యోగాలు పెరిగింది దీనివల్లే. కాకపోతే నిధి తరచూ ఏడాది లెక్కన వస్తుంది, దాంతో మీ అపాయింట్‌మెంట్ లెటరూ ఏడాదికే వస్తుంది. ఇంటర్వ్యూలో మొహమాటపడకుండా ఈ సంగతి అడిగేయండి.

క్లాసుల్లో మార్కెటింగ్, స్ట్రాటజీ లాంటివి ఏ ఎంబీఏలోనైనా ఉండేవే. నాకు బాగా అక్కరకొచ్చింది ఫీల్డ్‌వర్క్. ఉపాధి హామీ పనుల సామాజిక తనిఖీ చేసే బృందంతో ఒక ఊళ్లో ఉన్నాను. ఈ పని కోసమే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2009లో విడిగా ఒక సొసైటీ పెట్టింది. మస్టర్లు, అంటే కూలీల హాజరు పట్టీలు పట్టుకుని ఇంటింటికీ వెళ్లి, ఫలానా వారం ఫలానా చెరువు పనికి వెళ్లారా, డబ్బులెంత అందాయి అని అడిగి రాసుకోవాలి. ఒకచోట మస్టర్‌లో పేరున్న ఆవిడ ఆ వారమంతా కూతురి కాన్పుకి వేరే ఊళ్లో ఉందని పక్కింటామె చెప్పింది. మా క్లాస్‌మేట్ వెంటనే దొంగ మస్టర్ అని రాయబోయాడు. బృందాన్ని నడిపే ఆవిడ పది వరకే చదువుకున్నారు. ఆమె వాడి చేతిలోని పెన్ను పట్టుకుని ఆపారు. "ఆగు బాబూ, ఆమె వచ్చినాక ఆమె నోటితోనే చెప్పించి సంతకం పెట్టించుకుందాం. లేకపోతే రేపు ప్రజావేదికలో ఫీల్డ్ అసిస్టెంట్ లేచి అడిగితే ఏం చెప్తావ్?" అన్నారు. ప్రజావేదిక అంటే తనిఖీలో తేలినవి అందరి ముందూ చదివి వినిపించే సభ. దాతలకు పంపే ప్రతి రిపోర్టు ముందు నాకు ఆవిడ ప్రశ్నే గుర్తొస్తుంది.

కాబట్టి ఏ కోర్సైనా ఫీల్డ్‌వర్క్ ఎన్ని వారాలు, ఊళ్లోనే ఉంచుతారా, రోజూ బస్సులో తిప్పుతారా అని సీనియర్లను అడగండి. గుజరాత్ ఆణంద్‌లోని రూరల్ మేనేజ్‌మెంట్ సంస్థ ఇర్మాను అమూల్ కురియన్ గారు 1979లో పెట్టారు, 2025 చట్టంతో అది త్రిభువన్ సహకారీ యూనివర్సిటీ అయింది. సహకార సంఘాల మీద ఆసక్తి ఉంటే దానికి పెట్టింది పేరు. ముంబైలోని టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) 1936 నుంచి ఉంది, సామాజిక సేవ వైపు బలం. బెంగళూరు అజీమ్ ప్రేమ్‌జీ యూనివర్సిటీలో కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫీజు రాయితీ దొరుకుతుంది. ఉస్మానియా, ఆంధ్రా యూనివర్సిటీల్లో ఎంఎస్‌డబ్ల్యూకి (సోషల్ వర్క్‌లో పీజీ) ఖర్చు తక్కువే, కానీ అది మనుషులతో, సమూహాలతో పనిచేయడం నేర్పే కోర్సు, మేనేజ్‌మెంట్ పాలు తక్కువ. ఎక్కడ చదివినా మన దగ్గరి పొదుపు సంఘాల సమాఖ్యలు ఎలా నడుస్తాయో విడిగా తెలుసుకోండి. మన మండల సమాఖ్యలు 1995 నాటి మ్యాక్స్ చట్టం (పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం) కింద రిజిస్టరైనవి. అమూల్ గురించి గంట మాట్లాడి మన సమాఖ్య గురించి నోరు మెదపని తెలుగు విద్యార్థులు బోలెడు మంది.

అమెరికాలో ఎంపీఏ, అంటే పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్‌లో పీజీ చేయమని మీ బావగారు అంటున్నారని రాశారు. చదువు మంచిదే. అయితే స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) గుర్తింపు లేని కోర్సైతే ఓపీటీ, అంటే చదువుకు సంబంధించి అక్కడ పనిచేసుకునే అనుమతి 12 నెలలే, ఆ పైన వచ్చే 24 నెలలు దొరకవు. పైగా నాన్‌ప్రాఫిట్ అయితే చాలు హెచ్1బీ ఉద్యోగ వీసాకు లాటరీ అక్కర్లేదనే మాట సగమే నిజం. యూనివర్సిటీలకు అనుబంధంగా ఉన్నవాటికీ, పరిశోధన సంస్థలకీ ఆ మినహాయింపు ఉంది, మామూలు ఛారిటీలకు లేదు. అప్పు చేసి వెళ్లేముందు ఇది చూసుకోండి.

నాన్నగారితో అబద్ధం చెప్పకండి. నా మొదటి జీతం నెలకు 22 వేలు. నాతో చదివి బ్యాంకులో చేరినవాడి జీతాన్ని నేను ఇప్పటికీ అందుకోలేదు. అప్పులున్న ఇల్లైతే ఆయన మాటలో న్యాయముంది. అంత ఇబ్బంది లేకపోతే ఈ వేసవిలో మీ జిల్లాలోనే ఏదైనా సంస్థలో, ప్రోగ్రామ్ వైపు కాకుండా అకౌంట్స్‌లో, రెండు నెలలు ఇంటర్న్‌గా చేరి చూడండి. ఓచర్లు అతికించే పని ఇస్తారు, విసుక్కోవద్దు, ప్రతి ఓచరు వెనక ఏం జరిగిందో అడుగుతూ ఉండండి. స్టైపెండ్ ఉండకపోవచ్చు. బస్సు ఛార్జీలు మాత్రం అడగండి, సాధారణంగా ఇస్తారు.