ఆ ఆరు వేలు కట్టకండమ్మా, కోరింగ మడ అడవి మీ గడప దగ్గరే ఉంది

తాళ్లరేవు మండలం నుంచి ఒక తల్లి ఇలా రాశారు: "మా అమ్మాయి కాకినాడలో బీఎస్సీ మొదటి సంవత్సరం. జువాలజీ మేజర్, కెమిస్ట్రీ మైనర్. ఉద్యోగం చేస్తే పర్యావరణం రంగంలోనే చేస్తానంటోంది. మా ఆయన రొయ్యల చెరువుల దగ్గర పనిచేస్తారు. చెట్లు, తాబేళ్లు అంటూ తిరిగితే జీతం ఎవరిస్తారని ఇంట్లో అందరూ అంటున్నారు. వాట్సాప్‌లో ఎవరో ఆరు వేలు కడితే ఆన్‌లైన్‌లో పర్యావరణ ఇంటర్న్‌షిప్ చేయించి సర్టిఫికెట్ ఇస్తామంటున్నారట. కట్టమంటారా?"

అమ్మా, ముందు మీ ఆఖరి ప్రశ్నకే జవాబు చెబుతాను. కట్టకండి. ఆ డబ్బుతో మీ అమ్మాయికి ఒక మంచి బైనాక్యులర్స్, నీళ్లలో పీహెచ్ (ఆమ్ల, క్షార గుణం), టీడీఎస్ (కరిగిన లవణాలు) చూసే చిన్న మీటర్లు కొనివ్వండి. ఎందుకంటున్నానో చెప్పడానికి ఒక సంగతి చెప్పాలి.

నేను ఈ సలహాల పనికి రాకముందు చాలా ఏళ్లు నీళ్లు, గాలి పరీక్షించే ల్యాబులో పనిచేశాను. కొత్తవాళ్లను తీసుకునేటప్పుడు ఇంటర్వ్యూలో నేనూ కూర్చునేదాన్ని. ఒకసారి ఒక అబ్బాయి ఏడు సర్టిఫికెట్లు ఫైల్లో పెట్టుకుని వచ్చాడు. "కాలువ నీళ్లలో కరిగిన ఆక్సిజన్ ఎంతుందో చూడాలి. ల్యాబు రెండు గంటల దూరం. ఏం చేస్తావు బాబూ?" అని అడిగాను. ఐస్ పెట్టెలో పెట్టి తెస్తానన్నాడు. అలా తెస్తే సరైన లెక్క రాదు. సీసాలో ఉన్నంతసేపూ నీళ్లలోని సూక్ష్మజీవులు ఆ ఆక్సిజన్‌ను వాడేసుకుంటూనే ఉంటాయి. అందుకే సీసా నింపిన గట్టు మీదే మాంగనీస్ సల్ఫేట్, ఆల్కలీ అయొడైడ్ పోసి 'ఫిక్స్' చేయాలి, అంటే ఉన్న ఆక్సిజన్‌ను మడ్డిగా అక్కడికక్కడే కట్టేయాలి. ఒక్కసారి చేత్తో చేసినవాళ్లు ఆ గోధుమరంగు మడ్డి కిందికి దిగడం మర్చిపోలేరు. ఆ అబ్బాయిది తెలివితక్కువతనం కాదు. ఏడు సర్టిఫికెట్లలో ఏ ఒక్కదానికీ అతన్ని కాలువ గట్టు దాకా ఎవరూ తీసుకెళ్లలేదు.

అదే రోజు ఒక అమ్మాయి వచ్చింది. ఆమె దగ్గర సర్టిఫికెట్ ఒక్కటీ లేదు, చేతిలో ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంది. వాళ్ల ఊరి మంచినీళ్ల చెరువులో నాలుగు నెలల పాటు ప్రతి ఆదివారం పీహెచ్, టీడీఎస్ చూసి రాసుకుంది. పక్కన ఆ వారం వాన పడిందా లేదా అన్నది కూడా ఉంది. ఒక పేజీలో "మీటర్ కాలిబ్రేట్ చేయలేదు, ఈ వారం అంకెలు లెక్కలోకి తీసుకోకూడదు" అని రాసి కొట్టేసింది. ఆ ఒక్క వాక్యం చూసి మేం ఆమెను తీసుకున్నాం. తన తప్పు తానే పట్టుకుని రాసిపెట్టే మనిషి ల్యాబుకు కావాలి.

ఇక జీతం ఎవరిస్తారన్న ప్రశ్న. పర్యావరణం ఉద్యోగం అనగానే మనకు అడవి, పులి, తాబేలు కళ్ల ముందుకొస్తాయి. ఆ పనులూ ఉన్నాయి. కానీ ఈ రంగంలో ఎక్కువమందికి నెలనెలా జీతం ఇచ్చేది కొలిచే పని. పరవాడ, పైడిభీమవరం, పటాన్‌చెరు, జీడిమెట్ల లాంటి చోట్ల మందుల ఫ్యాక్టరీల నుంచి వచ్చే వ్యర్థజలాలను ఈటీపీ అనే శుద్ధి ప్లాంటులో శుభ్రం చేయాలి. రోజూ సీఓడీ, బీఓడీ (నీళ్లలోని మలినాలు ఎంత ఆక్సిజన్‌ను లాగేస్తాయో చెప్పే కొలతలు), టీడీఎస్ చూడాలి, పొగగొట్టాల నుంచి ఏమొస్తోందో కొలవాలి. దానికి ఈహెచ్‌ఎస్ (పర్యావరణం, ఆరోగ్యం, భద్రత) అనే విభాగం ఉంటుంది. కాలుష్య నియంత్రణ మండలి అనుమతులు నిలవాలంటే ఆ అంకెలు సరిగ్గా ఉండాలి. కొత్త గని తవ్వాలన్నా, పెద్ద ఫ్యాక్టరీ పెట్టాలన్నా 2006 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం ముందు ఆ చుట్టుపక్కల గాలి, నీళ్లు, నేల, జీవజాలం ఎలా ఉన్నాయో ఒక సీజన్ పాటు చూసి నివేదిక ఇవ్వాలి. ఆ నివేదికలు తయారుచేసే కన్సల్టెన్సీలకు జువాలజీ చదివి ఊరూరా తిరగగలిగిన పిల్లలు కావాలి.

అందుకే మీ అమ్మాయికి నా తరఫున గట్టిగా ఒక మాట చెప్పండి. కెమిస్ట్రీ మైనరే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. జువాలజీ ఆమెను అడవి దాకా తీసుకెళ్తే, కెమిస్ట్రీ నెల జీతం దాకా తీసుకెళ్తుంది. చిన్న ఉదాహరణ చెబుతాను. బీఓడీ పరీక్షను చాలా పుస్తకాల్లో 20 డిగ్రీల దగ్గర 5 రోజులు అని చదువుతారు. మన దేశపు ప్రమాణాల్లో అది 27 డిగ్రీల దగ్గర 3 రోజులు. చల్లటి దేశాల లెక్క మన వాతావరణానికి కుదరదు కాబట్టి అలా మార్చుకున్నారు. ఇంటర్వ్యూల్లో ఈ తేడా అడుగుతారు. పనిచేసే ల్యాబులో నాలుగు రోజులు నిలబడితే చాలు, ఇది వంటబడుతుంది.

ఆ ల్యాబు కోసం మీరు హైదరాబాద్ దాకా వెళ్లక్కర్లేదు. మీ ఆయన పనిచేసే చెరువుల నీళ్లు ఏ ఆక్వా ల్యాబుకు వెళ్తాయో కనుక్కోండి. ఉప్పు శాతం, ఆల్కలినిటీ, అమ్మోనియా, కరిగిన ఆక్సిజన్ అన్నీ అక్కడ చూస్తారు. సీజన్లో వాళ్లకు చేతులు చాలవు. మీ ఆయన ద్వారా అడిగితే సెలవుల్లో నెల రోజులు నేర్చుకోనిచ్చేవాళ్లు తప్పక దొరుకుతారు. కాకినాడలోనే రాష్ట్ర మత్స్య సాంకేతిక శిక్షణ సంస్థ కూడా ఉంది. అక్కడా అడగండి. రొయ్యల చెరువు నుంచి బయటికి వదిలే నీళ్లు కాలువలోకి, అక్కడి నుంచి మడ అడవిలోకి వెళ్తే ఏమవుతుందన్నది మీ ప్రాంతానికి చాలా ముఖ్యమైన ప్రశ్న. చెరువు గట్టు మీద పెరిగిన పిల్ల ఆ ప్రశ్న వేస్తే దానికి ఉండే విలువ వేరు. తండ్రి పనికి ఎదురు నిలబడుతున్నానేమోనని ఆమె సంకోచించనక్కర్లేదు. నీళ్లు బాగుంటే మొదట లాభపడేది రైతే.

ఇప్పుడు డిగ్రీ చదువులోనే ఉన్న 180 గంటల సంగతి. మన ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ పిల్లలకు మొదటి సంవత్సరం అయ్యాక వేసవిలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఉంటుంది. దానికి 180 గంటలు కేటాయించారు. రెండో సంవత్సరం తర్వాత మరో ఇంటర్న్‌షిప్, ఆ పైన ఒక సెమిస్టర్ మొత్తం ఇంటర్న్‌షిప్. ఇన్ని అవకాశాలు చదువులోనే ఉంటే, చాలామంది పిల్లలు పాత రిపోర్టు ఒకటి జిరాక్స్ తీయించి, సంతకం పెట్టించి ఇచ్చేస్తున్నారు. నాకు ఇది చూస్తే నిజంగా బాధేస్తుంది. ఆ 180 గంటలు డిగ్రీ మూడేళ్లలో పల్లెటూరి పిల్లలకు దొరికే అన్నిటికన్నా విలువైన సమయం. దానికి ఫీజు కూడా లేదు.

మీ అమ్మాయి ఆ గంటల్లో ఏం చేయవచ్చో చెబుతాను. మీ ఊరి పక్కనే 235 చదరపు కిలోమీటర్ల కోరింగ అభయారణ్యం ఉంది. మడ, తిల్ల, పొన్న చెట్ల మధ్య నీటికుక్కలు, చేపలు పట్టి తినే ఫిషింగ్ క్యాట్ అనే అడవి పిల్లి తిరిగే చోటు. దేశంలో ఎక్కడెక్కడి నుంచో పరిశోధకులు వస్తారు. మీరు ఆదివారం చెక్క వంతెన మీద నడిచి వచ్చే చోటు వాళ్లకు పరిశోధనాలయం. అభయారణ్యం లోపల ఏ పని చేయాలన్నా అటవీ శాఖ అనుమతి తప్పనిసరి. వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది కచ్చితం. కానీ ఊళ్లో చేసే పనికి ఆ ఇబ్బంది లేదు. 2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద ప్రతి పంచాయతీకీ ఒక జీవవైవిధ్య కమిటీ, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉండాలి. మీ పంచాయతీ రిజిస్టర్ ఎక్కడుందో, అందులో ఏం రాసి ఉందో అడగమనండి. అది ఉత్త కాగితంగా ఉంటే, దాన్ని నింపడమే ఆమె ప్రాజెక్టు. చేపల వేటకెళ్లే పెద్దల దగ్గర కూర్చుని, పూర్వం ఏ చేప ఏ నెలలో పడేది, ఇప్పుడు ఏది కనబడడం లేదు, ఏ చెట్టు చితుకులు పొయ్యిలోకి పనికొస్తాయి అని అడిగి వాళ్ల మాటల్లోనే రాసుకోవాలి. ఈ కబుర్లు బయటి ఊరి పరిశోధకుడికి ఏడాది తిరిగినా దొరకవు. మీ అమ్మాయిని వాళ్లు "రా అమ్మా, కూర్చో" అంటారు.

జనవరి నుంచి మార్చి దాకా మన తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. మీ వైపు హోప్ ఐలాండ్, శాక్రమెంటో దీవి వాటికి పేరుపడిన చోట్లు. గుడ్లను ఏరి కంచె వేసిన హేచరీలో పూడ్చి కాపాడతారు. పిల్లలు బయటికి రావడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. చెన్నైలో కాలేజీ విద్యార్థులే ఒక బృందంగా ఏర్పడి 1988 నుంచి రాత్రుళ్లు తీరం వెంట నడుస్తూ ఈ గుడ్లు కాపాడుతున్నారు. అలా నడిచిన పిల్లల్లో కొందరు తర్వాత శాస్త్రవేత్తలయ్యారు. ఆడపిల్ల రాత్రిపూట తీరానికి వెళ్లడం గురించి మీకు భయం ఉంటుంది, ఉండాలి కూడా. ఒంటరిగా వద్దు. కాలేజీ లెక్చరర్, అటవీ సిబ్బంది ఉన్న జట్టుతోనే పంపండి. మొదటిసారి మీరూ వెళ్లండి. తాబేలు కన్నీరు కారుస్తూ గుడ్లు పెట్టడం చూశాక మీ ఇంట్లో ఈ చర్చ వేరేలా సాగుతుందని నా నమ్మకం.

పక్షుల లెక్క ఇంకా సులువు. జనవరిలో నీటిపక్షుల గణన, ఫిబ్రవరిలో నాలుగు రోజుల పాటు కాలేజీ ఆవరణల్లో పక్షుల లెక్క జరుగుతాయి. ఈబర్డ్ అనే ఉచిత యాప్‌లో నమోదు చేస్తే ఆమె పేరు మీద రికార్డు ఏళ్ల తరబడి నిలుస్తుంది.

శిక్షణల విషయానికొస్తే, ఇంట్లో కూర్చుని నేర్చుకోవడానికి డెహ్రాడూన్‌లోని ఐఐఆర్‌ఎస్ రిమోట్ సెన్సింగ్ (ఉపగ్రహ చిత్రాలు చదవడం), జీఐఎస్ (కంప్యూటర్‌లో మ్యాపులు తయారుచేయడం) మీద ఉచితంగా ఆన్‌లైన్ కోర్సులు నడుపుతుంది. అది ఇస్రో కింద పనిచేసే సంస్థ, ఆ సర్టిఫికెట్‌కు గౌరవం ఉంది. క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తన మండలం మ్యాపు తానే గీయగలిగితే సగం ఉద్యోగాలకు ఆమె మిగతావాళ్లకంటే ముందుంటుంది. కేంద్ర పర్యావరణ శాఖ 2017లో గ్రీన్ స్కిల్ డెవలప్‌మెంట్ ప్రోగ్రాం మొదలుపెట్టింది. హైదరాబాద్ గచ్చిబౌలిలోని పర్యావరణ శిక్షణ సంస్థ ఈపీటీఆర్‌ఐ లాంటి చోట్ల ఆ బ్యాచ్‌లు నడిచాయి. ఏడాది పొడవునా ఉండవు, నోటిఫికేషన్ కోసం చూస్తుండాలి. ఇది చదివే తెలంగాణ పిల్లలకు అమ్రాబాద్, కవ్వాల్ పులుల అభయారణ్యాలు, హైదరాబాద్ అత్తాపూర్‌లో సీసీఎంబీ పరిశోధన సంస్థ వారి వన్యప్రాణి ల్యాబు లాకోన్స్ ఉన్నాయి. రాయలసీమ వాళ్లకు అడవితో పాటు పొలం, వాటర్‌షెడ్ (వాన నీళ్లు, నేల నిలిపే పనులు), ప్రకృతి సేద్యం పనులు ఎక్కువ.

సర్కారు కొలువు గురించి మీ ఇంట్లో తప్పకుండా అడుగుతారు. ఫారెస్ట్ బీట్ ఆఫీసర్‌కు ఇంటర్ చాలు, రేంజ్ ఆఫీసర్‌కు డిగ్రీ కావాలి. ఐఎఫ్‌ఎస్‌కు, అంటే ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్‌కు, జువాలజీ ఉన్న డిగ్రీ సరిపోతుంది. దానికి నడక పరీక్షలో మగవాళ్లు 25 కిలోమీటర్లు, ఆడవాళ్లు 14 కిలోమీటర్లు 4 గంటల్లో నడవాలి. ఇప్పటి నుంచే నడక అలవాటు చేసుకోమనండి. నోటిఫికేషన్లు ఎప్పుడు పడతాయో ఎవరి చేతుల్లోనూ లేదు కాబట్టి దీన్ని మాత్రమే నమ్ముకుని ఏళ్లు పోగొట్టుకోవద్దు.

డబ్బు విషయం దాచకుండా చెబుతాను. మొదటి రెండేళ్లు జీతం తక్కువే. స్వచ్ఛంద సంస్థల్లో ప్రాజెక్టు ఉన్నంతకాలమే ఉద్యోగం. పీజీ లేకుండా పైకి ఎదగడం కష్టం. ఆంధ్రా యూనివర్సిటీలో పర్యావరణ శాస్త్రం, మెరైన్ లివింగ్ రిసోర్సెస్ రెండూ ఉన్నాయి. అడవి జంతువుల మీదే మనసుంటే డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎమ్మెస్సీ ఉంది. సీట్లు చాలా కొద్ది, పోటీ గట్టిది. పీజీ తర్వాత యూజీసీ నెట్ పరీక్షలో పర్యావరణ శాస్త్రం రాసి జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ తెచ్చుకుంటే పరిశోధన చేస్తూ నెలకు 37,000 రూపాయలు వస్తాయి. కంపెనీల వైపు వెళ్లాలనుకుంటే, స్టాక్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ 2022-23 నుంచి మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలు పర్యావరణ, సామాజిక బాధ్యతల నివేదిక ఇవ్వాలని నిబంధన పెట్టింది. ఆ లెక్కలు తయారుచేసే పనికి బీకాం పిల్లలు కూడా వెళ్తున్నారు.

మళ్లీ ఎవరైనా డబ్బు కట్టమని మెసేజ్ పెడితే మీ అమ్మాయిని మూడు విషయాలు అడగమనండి. పని ఏ ఊళ్లో జరుగుతుంది? పక్కనుండి నేర్పేది ఎవరు? చివర్లో నేను రాసిన రిపోర్టు ఏదైనా నా చేతిలో మిగులుతుందా? దారిఖర్చు, భోజనం మనం పెట్టుకోవడం మామూలే. ఈ మూడింటికీ సూటిగా జవాబు రాకపోతే అక్కడితో వదిలేయండి.

సెలవులు రాకముందే జువాలజీ లెక్చరర్ దగ్గర ఒక లేఖ తీసుకుని, తేదీలు, చేయబోయే పని అరపేజీలో తెలుగులోనే రాసి అటవీ శాఖ ఆఫీసులో స్వయంగా ఇవ్వమనండి. రసీదు అడిగి తీసుకోవాలి. ఈ ఆదివారం ఒక నోట్‌బుక్ కొనివ్వండి. తేదీ, టైము, సముద్రం పోటా పాటా, గాలి ఎటు నుంచి, ఏం చూసింది, ఎవరు చెప్పారు అని గడులు గీసుకుని మీ ఊరి కాలువ దగ్గర మొదలుపెట్టమనండి. నెల రోజులు రాశాక ఆ పేజీలు ఫొటో తీసి పంపితే నేను కూర్చుని చదివి, ఎక్కడ మార్చుకోవాలో మీ అమ్మాయికే రాస్తాను.