మా అమ్మ నారదుడి కథ అనేసిన స్టార్ ట్రెక్ ఎపిసోడ్

స్టార్ ట్రెక్ (అంతరిక్ష ఓడలో తిరిగేవాళ్ళ అమెరికన్ టీవీ సీరియల్) అసలు చూడలేదు, అందులో 'ది ఇన్నర్ లైట్' ఎపిసోడ్ గొప్పదని అందరూ అంటున్నారు, నేరుగా అదే చూస్తే అర్థమవుతుందా అని అడిగారు కదా. అర్థమవుతుంది, నేను అలాగే చూశాను. కానీ ముందు ఓ నాలుగు ఎపిసోడ్లు చూడండి, ఆ ఓడ కెప్టెన్ పికార్డ్ పిల్లలకీ సంసారానికీ ఆమడ దూరంలో ఉండే మనిషని తెలిస్తేనే దీని దెబ్బ తగులుతుంది. ఇక కథ తెలియకూడదనుకుంటే ఇక్కడే ఆపేయండి.

మే నెల, గుంటూరు, బ్రాడీపేటలో మా ఇల్లు. బయట కాకి కూడా ఎగరడం లేదు. అమ్మ పేపరు పరుచుకుని ఏడాది కారానికి మిరపకాయల తొడిమలు తీస్తోంది, నేను పక్కనే తుమ్ముకుంటూ ల్యాప్‌టాప్‌లో ఇది పెట్టాను. 1992 జూన్‌లో వచ్చింది, స్టార్ ట్రెక్‌లోనే 'నెక్స్ట్ జనరేషన్' అనే సీరియల్, 5వ సీజన్. మొదట్లో ఆ ఒంటికి అతుక్కుపోయిన యూనిఫాములు చూసి నవ్వొచ్చింది, అబద్ధమెందుకు.

ఎక్కడిదో ఓ యంత్రం ఓడ దగ్గరికొచ్చి కిరణం వదిలితే పికార్డ్ కుప్పకూలతాడు. కళ్ళు తెరిస్తే ఏదో పల్లెటూరు, ఎవరో ఆవిడ 'నీ భార్యని' అంటుంది, నీ పేరు కామిన్ అంటుంది. ఏళ్ళ తరబడి గింజుకుని చివరికి అక్కడే కాపురం, ఇద్దరు పిల్లలు, వేణువు నేర్చుకోవడం. అమ్మ చేతిలో మిరపకాయ అలాగే పట్టుకుని, "ఇది సర్పవరం నారదుడి కథేరా!" అంది. చెరువులో మునిగి ఆడమనిషై లేచి, ప్రభవ, విభవ అని మన సంవత్సరాల పేర్లున్న అరవైమంది కొడుకుల్ని కని, అందర్నీ పోగొట్టుకుని, మళ్ళీ మునిగి నారదుడిగా లేస్తాడే, అది. నిజమే, నాకు తట్టనే లేదు.

అయితే ఇక్కడ విష్ణుమాయ లేదు, కరువుంది. వాళ్ళ సూర్యుడే వాళ్ళని కాల్చేస్తున్నాడు. కూతురు మట్టి పరీక్షిస్తుంటుంది, తండ్రి ఆ సంగతి చెప్పబోతే ఆ పిల్లకి అప్పటికే తెలుసు. తాగే నీళ్ళకే రేషనున్న ఊళ్ళో అందరూ కలిసి ఒక మొక్క నాటి దానికి నీళ్ళు పోస్తారు. "వెర్రి మనుషులు" అంది అమ్మ, అని కాసేపు తొడిమలు తీయడం మానేసింది. (పెద్దయిన కొడుకు వేషం వేసింది పికార్డ్‌గా నటించిన ప్యాట్రిక్ స్టూవర్ట్ సొంత కొడుకు డేనియల్, తర్వాత తెలిసింది.)

చివరికి తేలేదేంటంటే ఆ లోకం వెయ్యేళ్ళ క్రితమే పోయింది, పోయేముందు తమ బతుకు ఎవరికో ఒకరికి గుర్తుండాలని ఆ యంత్రాన్ని పంపారు. ఓడలో గడిచింది పాతిక నిమిషాలే. యంత్రంలో దొరికిన వేణువు తెచ్చిస్తే పికార్డ్ గుండెకి హత్తుకుని, ఒక్కడే గదిలో ఆ పాత పాటే వాయిస్తాడు.

"వేళ్ళు మర్చిపోలేదన్నమాట" అంది అమ్మ.