గుడి మాన్యం, చవితి ఊరేగింపు: హిందువులమైనందుకే మాకీ ఇబ్బందులా?

ప్రశ్న: మాది ఆదోని దగ్గర పల్లె. మా ఆంజనేయస్వామి గుడికి మాన్యం ఉంది. కౌలు వేలం ఎండోమెంట్స్ (దేవాదాయ శాఖ) వాళ్లే వేస్తారు, డబ్బు వాళ్లే జమ చేసుకుంటారు. గుడికి సున్నం కొట్టాలన్నా మేం చందాలు వేసుకోవాల్సిందే. మసీదునో చర్చినో ఎవరైనా లెక్కలు అడుగుతారా? ఈసారి చవితి నిమజ్జనానికి మసీదు వీధిలో పోవద్దని, పదికి మైకు కట్టేయాలని ఎస్సై నోటిమాటగా చెప్పినాడు. డీజే పెట్టినారని మా పిల్లల మీద కేసు కట్టినారు. దేశంలో ఎక్కువమంది మేమే, అణగదొక్కేదీ మమ్మల్నే. హిందువులను వేధిస్తున్నారని హైకోర్టులో రిట్ వేయొచ్చా సార్?
– పేరు రాయొద్దన్న పాఠకుడు, కర్నూలు జిల్లా

జవాబు: మీరు రాసిన రూపంలో వేస్తే ఆ రిట్ (హక్కుకు భంగం కలిగిందని నేరుగా హైకోర్టులో వేసే పిటిషన్) నిలవదు. ‘హిందువులను వేధిస్తున్నారు’ అన్నది కోర్టు తేల్చగల అంశం కాదు. ఏ అధికారి, ఎప్పుడు, మీ ఏ హక్కుకు అడ్డం పడ్డాడో చెబితే తేల్చగలదు. అలా విడదీసి చూస్తే మీ ఉత్తరంలో మూడు వేర్వేరు గొడవలున్నాయి. మాన్యం, ఊరేగింపు దారి విషయాల్లో మీ వైపు బలం ఉంది. మైకు విషయంలో లేదు.

ముందు మాన్యం సంగతి. చట్టం దృష్టిలో గుడి ఆస్తి దేవుడిది. ప్రభుత్వానిదీ కాదు, ఊరిదీ కాదు. 1987 నాటి దేవాదాయ చట్టం కింద శాఖకు ఉన్నది నిర్వహణ, పర్యవేక్షణ మాత్రమే. ఆదాయంలో కొంత శాఖ పరిపాలన నిధికి, కొంత కామన్ గుడ్ ఫండ్‌కు పోతుంది. ఆదాయం తక్కువున్న గుళ్లకు ఇందులో మినహాయింపు ఉంది. మీ గుడి దాని కిందికి వస్తుందేమో ఎప్పుడైనా అడిగారా? పాడుబడిన, ఆదాయం లేని గుళ్లకు సాయం చేయడానికే ఆ కామన్ గుడ్ ఫండ్ పెట్టారు. సున్నానికి చందాలెత్తే గుడి ఆ నిధికి దరఖాస్తు పెట్టుకోవచ్చు.

సమాచార హక్కు చట్టం కింద అసిస్టెంట్ కమిషనర్ కార్యాలయానికి ఒక అర్జీ పెట్టండి. గత ఐదేళ్లలో కౌలు వేలంలో ఎవరు పాడుకున్నారు, ఎంతకు పాడుకున్నారు, ఎంత జమ అయింది, గుడికి ఎంత ఖర్చు పెట్టారు అని అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆ కాగితం చేతికొచ్చాక మీకు కొన్ని చేదు నిజాలు తెలియవచ్చు. గుడి భూముల తగాదాల్లో ఎదుటి పక్షంగా నేను ఎక్కువగా చూసింది వేరే మతం వాళ్లను కాదు. తక్కువ పాటకు దక్కించుకుని ఏళ్ల తరబడి బకాయి పెట్టే మన ఊరి పెద్దమనుషులనే చూశాను. మాన్యం ఆక్రమణలో ఉంటే దేవాదాయ చట్టం 83వ సెక్షన్ కింద ఎండోమెంట్స్ ట్రిబ్యునల్‌కు పోయే దారి ఉంది. శాఖ కదలకపోతే కదిలించమని రిట్ వేయండి. అలాంటి రిట్‌కు బలం ఉంటుంది.

మసీదును ఎవరూ అడగరన్నది మాత్రం నిజం కాదు. వక్ఫ్ సంస్థలు (మసీదుల్లాంటి ముస్లిం ధార్మిక ఆస్తులు) 1995 వక్ఫ్ చట్టం కింద వక్ఫ్ బోర్డుకు లెక్కలు చూపాలి, నికర ఆదాయంలో వాటా కట్టాలి. ఆ వాటా 7 శాతంగా ఉండేది. 2025 సవరణతో గరిష్ఠంగా 5 శాతం అయింది. చర్చిలకు అలాంటి ప్రత్యేక చట్టం లేదు. అవి ఎక్కువగా సొసైటీలుగా, ట్రస్టులుగా నడుస్తాయి. విదేశీ విరాళం తీసుకుంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి లోబడాలి.

అయితే తేడా లేదని నేననను. వక్ఫ్ బోర్డులో ఎక్కువమంది ఆ మతం వాళ్లే కూర్చుంటారు. మీ గుడికి మాత్రం ప్రభుత్వం వేసిన ఈవో (కార్యనిర్వహణాధికారి) వస్తాడు. ఈ తేడా మీద హిందువులు కోర్టుకు పోయారు. 1996లో పన్నాలాల్ బన్సీలాల్ పిత్తీ కేసులో సుప్రీంకోర్టు మన 1987 చట్టాన్నే పరిశీలించింది. సంస్కరణ అన్ని మతాలకూ ఒకేసారి రావాలని రాజ్యాంగం చెప్పలేదంటూ దాన్ని నిలబెట్టింది. 2014లో చిదంబరం నటరాజస్వామి ఆలయం కేసులో అదే కోర్టు, నిర్వహణ లోపం సరిదిద్దడానికి గుడిని చేతిలోకి తీసుకున్నా, పని పూర్తయ్యాక తిరిగి అప్పగించాల్సిందేనని, శాశ్వతంగా అట్టిపెట్టుకోకూడదని చెప్పింది. గుళ్ల నిర్వహణ భక్తుల చేతికి రావాలన్న మీ కోరిక న్యాయమైన రాజకీయ కోరిక. దాన్ని అడగాల్సింది శాసనసభను.

ఈ పద్ధతి మీ మతం మీద పగతో పుట్టింది కూడా కాదు. మీ ఆదోని ప్రాంతం 1800లో నిజాం నుంచి ఈస్టిండియా కుంపిణీ చేతికి వచ్చింది. 1817లో మద్రాసు ప్రభుత్వం గుళ్లతో పాటు మసీదుల ఇనాములను కూడా రెవెన్యూ బోర్డు కిందికి తెచ్చింది, 1863లో వదిలేసింది. ఆ తర్వాత ధర్మకర్తలు దేవుడి సొమ్ము తింటున్నారని మొరపెట్టుకున్నది హిందువులే. 1920లలో మద్రాసు శాసనమండలి ఎండోమెంట్స్ చట్టం చేసింది అందుకే.

ఇక ఊరేగింపు. మసీదు ముందు మేళతాళాలు పోవచ్చా అన్న తగాదా ఇక్కడ కొత్తది కాదు. 1882లో సేలంలో గొడవలు జరిగాక మద్రాసు హైకోర్టు ఫుల్ బెంచి దీన్నే విచారించింది. 1924లో ప్రివీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలంలో లండన్‌లో ఉన్న చివరి అప్పీలు కోర్టు), ప్రజల దారిలో మతపరమైన ఊరేగింపు తీయడం హక్కేనని తేల్చింది. అధికారుల సహేతుకమైన ఆంక్షలకు, దారిన పోయే ఇతరుల హక్కులకు అది లోబడి ఉంటుంది. ఆ కేసు వేసింది హిందువులు కాదు. మొహర్రం ఊరేగింపును సున్నీలు అడ్డుకుంటున్నారని షియాలు వేసిన కేసది. వాళ్లు గెలిచిన హక్కే ఇప్పుడు మీకు ఆధారం.

కాబట్టి ‘ఆ వీధిలోకి అసలు పోవద్దు’ అని ఎస్సై నోటిమాటగా అంటే సరిపోదు. పోలీసు చట్టం 30వ సెక్షన్ కింద సమయం, దారి, షరతులు నిర్ణయించే అధికారం పోలీసులకు ఉంది. కానీ దానికి కారణం ఉండాలి, ఆ కారణం కాగితం మీద ఉండాలి. వచ్చే ఏడు ముందుగానే దరఖాస్తు పెట్టి, తిరస్కరిస్తే రాతపూర్వకంగా ఇవ్వమనండి. ఆ ఉత్తర్వు మీద రిట్ వేయొచ్చు. దరఖాస్తుతో పాటు నమాజు వేళలు తప్పించి వెళ్తామని, మసీదు ముందు ఆగబోమని రాసివ్వండి. మసీదు పెద్దలతో ఒక సంతకం పెట్టించుకోగలిగితే ఇంకా మంచిది. ఉగాదినాడు దేవుని కడప వెంకన్న గుడికి ముస్లింలు కొబ్బరికాయలతో వచ్చే సీమ ఇది. వాళ్లను అడగడానికి మీకు మొహమాటం అక్కర్లేదు.

పదికి మైకు ఆపమనడం అందరికీ వర్తించే రూలు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్ నిషేధం. పండుగలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా రాష్ట్ర ప్రభుత్వం సడలింపు ఇవ్వొచ్చు. అదే ఏడాది సుప్రీంకోర్టు, మైకులతో ఇతరుల ప్రశాంతత చెడగొట్టి ప్రార్థించమని ఏ మతమూ చెప్పలేదంది. అది మద్రాసులో ఒక చర్చి మీద వచ్చిన కేసు. ఆరుకు ముందు మైకులో అజాన్ ఇస్తే, దానికీ ఇదే రూలు. మీకొక్కరికే అమలు చేస్తున్నారనిపిస్తే తేదీలు, వేళలతో ఫిర్యాదు ఇవ్వండి. అయితే, వాళ్లను వదిలేశారు కాబట్టి మమ్మల్నీ వదిలేయండని సమానత్వ హక్కు ఇచ్చే ఆర్టికల్ 14 కింద అడగలేరు. రూలు ఇద్దరికీ అమలు చేయమని అడగగలరు.

పిల్లల కేసులో ఎఫ్ఐఆర్ నకలు తీసుకోండి. అధికారి ఉత్తర్వు ధిక్కరించారని బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 223వ సెక్షన్ మాత్రమే పెట్టి ఉంటే, ఆ అధికారి స్వయంగా రాతపూర్వక ఫిర్యాదు ఇవ్వకుండా కోర్టు దాన్ని విచారణకు తీసుకోకూడదని బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక సురక్షా సంహిత) 215వ సెక్షన్ చెబుతోంది. ఈ ఒక్క లోపం మీదే బీఎన్ఎస్ఎస్ 528వ సెక్షన్ కింద హైకోర్టులో కొట్టివేత అడగొచ్చు. ఈలోగా పిల్లల ఫోన్లు చూడండి. కోపంలో వాట్సాప్‌లో ఎదుటి మతం మీద పెట్టే ఒక పోస్టుకు బీఎన్ఎస్ 196, 299 సెక్షన్లు పడితే మూడేళ్ల దాకా జైలు. డీజే కేసు దాని ముందు చాలా చిన్నది.

మీ బాధ అబద్ధమని నేననను. మీకు గుడి గేటు దగ్గరే ప్రభుత్వం ఎదురవుతుంది. హుండీకి సీలు, వేలానికి నోటీసు మీ కళ్ల ముందే పడతాయి. వక్ఫ్ బోర్డు మసీదుకు పంపే నోటీసు మీకు కనిపించదు. మీ నాన్నగారి కాలంలో ఊరి పెద్ద ఊ అంటే సాగిన పండుగకు ఇప్పుడు దరఖాస్తు, పూచీకత్తు కావాలి. మిలాద్ ఊరేగింపుకూ, క్రైస్తవ సభలకూ అవే తిప్పలని మీకు తెలిసే అవకాశం తక్కువ. దేశంలో ఎక్కువమంది మీవాళ్లే అయినంత మాత్రాన తహసీల్దారు ఆఫీసులో మీ అర్జీ కదలదు. అక్కడ మీరు ఒంటరి రైతే. ఆ నిస్సహాయత నిజం. దానికి కారణం పక్క వీధివాడని ఎవరైనా చెబితే నమ్మేయడం తేలిక.

మైనారిటీ అన్న మాట కూడా హద్దును బట్టి మారుతుంది. మీ ఆదోని 1953 దాకా బళ్లారి జిల్లాలోదే. ఈరోజు బళ్లారిలో ఉన్న తెలుగు హిందువు, భాషాపరమైన మైనారిటీగా మైనారిటీల విద్యాసంస్థల హక్కు చెప్పే ఆర్టికల్ 30 కింద కాలేజీ పెట్టుకోవచ్చు. మైనారిటీని రాష్ట్రాన్ని బట్టి లెక్కించాలని 2002లో టీఎంఏ పాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీ ఊళ్లోనే దళితులను ఆ ఆంజనేయస్వామి గడప దాటనివ్వకపోతే, వేధింపు అని రిట్ వేసే హక్కు ముందు వాళ్లకుంది. అంటరానితనాన్ని నిషేధించే ఆర్టికల్ 17, అట్రాసిటీ చట్టం వాళ్ల వెనక నిలబడతాయి. మీరు హైకోర్టు మెట్లెక్కే ముందు ఈ సంగతి గుడి కమిటీలో తేల్చుకోండి. ఎదుటి లాయరు మొదట అడిగేది అదే.

సమాచార హక్కు అర్జీకి జవాబు, ఎఫ్ఐఆర్ నకలు రెండూ వచ్చాక వాటితో స్థానికంగా ఒక లాయరును కలవండి. మాన్యానికొకటి, పిల్లల కేసుకొకటి విడివిడిగా వేయించండి. రెండూ కలిపి ఒకే పిటిషన్‌లో పెట్టొద్దు.