'ది ఆఫీస్' అనే అమెరికన్ కామెడీ సీరియల్ చూసి ఉద్యోగంలో పనికొచ్చేది ఏమైనా నేర్చుకున్నారా?

నేర్చుకున్నాను, అదీ అందులో బ్రాంచ్ మేనేజర్ మైకేల్ స్కాట్ దగ్గర. నవ్వకండి! నేను జీడిమెట్లలో కార్టన్ బాక్సుల సేల్స్‌లో ఉన్నాను. స్క్రాంటన్‌లో కాగితం అమ్ముకునే అతని కంపెనీ డండర్ మిఫ్లిన్ వాళ్ల తంటాలు చూస్తుంటే మా ఆఫీసే గుర్తొస్తుంది.

రెండో సీజన్‌లో 'ది క్లయింట్' అని ఒక ఎపిసోడ్ (2005) ఉంది. లాకవానా కౌంటీ (మన జిల్లా లాంటిది) ప్రభుత్వ ఆర్డర్ కోసం పై అధికారిణి జాన్ ఒక హోటల్లో మీటింగ్ పెడితే, మైకేల్ దాన్ని చిలీస్ రెస్టారెంటుకి మార్చేస్తాడు. ఇక తిండి, జోకులు. ఆమె రేట్ల ఊసెత్తినప్పుడల్లా మాట తప్పిస్తాడు. జాన్‌కి ఒళ్లు మండిపోతుంటుంది. బాగా పొద్దుపోయాక, క్లయింట్ మెత్తబడ్డాడని తెలిశాక అసలు సంగతికొస్తాడు: తనదీ ఈ కౌంటీయేనని, పెద్ద కంపెనీలు రేటు తగ్గించి చిన్నవాళ్లను మూయించాక మళ్లీ పెంచేస్తాయని. ఆర్డర్ వచ్చేస్తుంది.

మాకు ఒక మందుల కంపెనీ పర్చేజ్ మేనేజర్ ఉండేవారు. కొటేషన్ చూడగానే "రేటెక్కువండీ" అని పక్కన పెట్టేసేవారు. ఒకసారి కొటేషన్ బ్యాగులోంచి తీయకుండానే కూర్చున్నాను. టీ వచ్చింది, ఆయనే మొదలుపెట్టారు. వానాకాలంలో గోడౌన్‌లో అడుగు వరస బాక్సులు చెమ్మకి మెత్తబడి, పైవన్నీ ఒరిగిపోతున్నాయట. తిట్లన్నీ ఈయనకే. మూడు ప్లై (పొరలు) బదులు ఐదు ప్లై బాక్సులు చేసి చూపించాం. రేటు ఇంకా ఎక్కువే, అయినా తీసుకున్నారు. (మైకేల్ జోకులు మాత్రం మన ఆఫీసుల్లో వేయకండి, సాయంత్రానికల్లా హెచ్‌ఆర్ నుంచి పిలుపొస్తుంది.)

ఇక పైకి రావడం సంగతి. మూడో సీజన్‌లో మైకేల్ కింద పనిచేసే సేల్స్‌మన్ డ్వైట్ పళ్ల డాక్టర్ దగ్గరికని చెప్పి వెళ్లి జాన్‌ని కలుస్తాడు, బ్రాంచ్ తనకప్పగించమంటాడు. ఆమె ఆ మాట నేరుగా మైకేల్ చెవిన వేస్తుంది. డ్వైట్ చేతకానివాడేం కాదు, చివరి సీజన్‌లో మేనేజర్ అవుతాడు కూడా. అదే ఆఫీసులో టెంపరరీగా చేరిన ర్యాన్ కథ వేరు. ఒక్క సేల్ కూడా చేయకుండా న్యూయార్క్ హెడ్డాఫీసుకి ఎగబాకి, లెక్కలు తారుమారు చేసి పోలీసులకి చిక్కుతాడు. అలాంటివాళ్లు మా దగ్గరా తగిలారు. ఇంగ్లిష్ దంచేస్తారు, పార్టీ ఫోన్ చేస్తే ఎత్తరు.

నాకు ఏరియా మేనేజర్ పోస్టు మీద ఆశ పుట్టినప్పుడు ముందు మా మేనేజర్‌కే చెప్పాను. "నా కుర్చీకే ఎసరు పెట్టావా?" అన్నారు. కొన్నాళ్లు ముభావంగానే ఉన్నారు. తర్వాత హెడ్డాఫీసు రివ్యూలకి నన్ను వెంటబెట్టుకెళ్లడం మొదలుపెట్టారు. పోస్టు ఇంకా రాలేదు లెండి. కానీ అక్కడి వాళ్లకిప్పుడు నా పేరు తెలుసు, ఆ చెప్పింది కూడా ఆయనే.