డేటా తెరిచే ముందు ఒక ఉత్తరం

చిరంజీవి శారదకు ఆశీస్సులు.

నీ పరిశోధన ప్రణాళిక రెండుసార్లు చదివాను. ఒంట్లో పగలూ రాత్రీ లయను నడిపే గడియార జన్యువుల్లో 40 తేడాలు, వాటికీ క్యాన్సర్‌కూ సంబంధం వెతకడానికి 300 మంది రోగులు. ఉత్సాహం చూసి ముచ్చటేసింది, లెక్క చూసి గుండె జారింది. ఒక్కో తేడానీ 0.05 గీత దగ్గర (సంబంధం లేకున్నా కాకతాళీయంగా నూటికి ఐదుసార్లు దాటే గీత) పరీక్షిస్తే, అసలు ఏ సంబంధమూ లేకపోయినా సగటున రెండు "దొరుకుతాయి". ఆడవాళ్లని వేరుగా, మగవాళ్లని వేరుగా, జబ్బు దశల వారీగా చూడటం మొదలుపెట్టావా, ఇంకెన్నో దొరుకుతాయి. జన్యుపటం మొత్తాన్ని జల్లెడ పట్టేవాళ్లు పది కోట్లలో ఐదు అనే గీత పెట్టుకున్నది ఊరికే కాదు. ఒకప్పుడు నేనూ ఒక చిన్న పి విలువ (సంబంధం లేకున్నా ఇలాంటి ఫలితం కాకతాళీయంగా వచ్చే అవకాశం) చూసి సంబరంతో నిద్రపోలేదు (నిద్ర జన్యువుల మీద పనిచేస్తూ!). వేరే రోగుల్లో వెతికితే దాని జాడే లేదు.

2002లో పెర్2 అనే గడియార జన్యువు చెడిన ఎలుకలకు గామా కిరణాలు తగిలితే కణుతులు ఎక్కువ వచ్చాయన్న ఫలితాన్ని నీ ముందుమాటలో గొప్పగా చెప్పావు. ఫలితం నిజమే. క్లాక్, బీమాల్1 అనే రెండు ప్రోటీన్లు కలిసి పెర్, క్రై జన్యువులను మేల్కొలపడం, వాటి ప్రోటీన్లు పోగై తిరిగి ఆ జంటనే అణచడం, ఈ చుట్టు సుమారు 24 గంటల్లో పూర్తికావడం, కణ విభజనకూ డీఎన్ఏ మరమ్మతుకూ దీనితో లంకె ఉండటం, అన్నీ నిజమే. కానీ ఆ ఎలుకల్లో గడియారం పళ్లచక్రమే విరిగింది. నువ్వు చూసేవి జనంలో మామూలుగా కనిపించే ఒక్క డీఎన్ఏ అక్షరం తేడాలు. చాలావాటివల్ల గడియారం నిమిషమైనా తప్పుతుందో లేదో తేలాలి. ఎలుక చూపించి మనిషి గురించి వాగ్దానం చేయకు.

పెర్3 అనే మరో గడియార జన్యువులో 54 అక్షరాల ముక్క కొందరిలో నాలుగుసార్లు, కొందరిలో ఐదుసార్లు వస్తుంది కదా, దాన్ని ఒక్క అక్షరం తేడాలు చదివే మామూలు జన్యు చిప్ నేరుగా చదవదు. పీసీఆర్ (ఆ డీఎన్ఏ ముక్కకు ఎన్నో నకళ్లు తీసే పద్ధతి) చేసి దాని పొడవు కొలుచుకో.

జబ్బు వచ్చే ముప్పునీ, వచ్చాక దాని గతినీ ఒకే పట్టికలో కలిపేశావు. విడదీయి. మొదటిదానికి జబ్బు లేనివాళ్లు కావాలి, అదే వయసు, అదే జనసమూహం నుంచి. రెండోదానికి దశ, చికిత్స, జబ్బు తేలిన తేదీ కావాలి. రక్తం ఎప్పుడు తీశారో కూడా అడుగు. జబ్బు తేలిన ఏడాదికి తీసి ఉంటే, ఆ లోపు పోయినవాళ్లు నీ లెక్కలో లేనట్టే. అందరూ బాగా బతికినట్టు కనిపిస్తుంది.

ఇంకొకటి, నీ ప్రశ్నావళిలో రాత్రి షిఫ్టు ఊసే లేదు! అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లోనూ, మళ్లీ 2019లోనూ దాన్ని "బహుశా క్యాన్సర్ కారకం" అనే 2ఏ వర్గంలో పెట్టింది. ఎన్నేళ్లు చేశారు, నెలకు ఎన్ని రాత్రులు, సహజంగా పొద్దున్నే లేచే మనిషా కాదా, అన్నీ అడగాలి. జన్యువు తేడా పగలు పనిచేసేవాళ్లలో తెలియకపోయినా, రాత్రి మేలుకునేవాళ్లలో బయటపడే అవకాశముంది. అది చూడాలంటే మాత్రం 300 మంది చాలరు, ఇంకో బృందంతో కలవక తప్పదు.

"నా జన్యువు మంచిదేనా అమ్మా?" అని రోగులు అడుగుతారు. దీన్ని బట్టి ఈరోజు మీ చికిత్స ఏమీ మారదని సూటిగా చెప్పు.

ఏ తేడాలు, ఏ ప్రశ్నలు, ఏ గీత అన్నది తేదీ వేసి రాసి నాకు పంపు. అది చేరిందని నేను జవాబిచ్చేదాకా డేటా ఫైలు తెరవకు.

నీ మాస్టారు