కొట్టేసిన వాక్యం

అమలాపురం

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

కణంలో కబుర్లు అందించే ప్రోటీన్లలో ఉండే ఎస్‌హెచ్2 అనే ముక్క గురించి నువ్వు రాసిన వ్యాసం అంది పదిహేను రోజులైంది. వెంటనే జవాబు రాయనిది బద్ధకంతో కాదు, కోపంతో. రెండో పేజీలో "తాళంలో తాళంచెవి పట్టినట్టు" అని కనబడగానే కాగితాలు మడిచి రేడియో కింద పెట్టేశాను. మొన్న రాత్రి కరెంటు పోతే అరుగు మీద కూర్చుని మళ్లీ తీశాను. మూడో పేజీలో ఒక వాక్యాన్ని అడ్డంగా కొట్టేశావు. టార్చి కాగితం వెనక పెట్టి చూస్తే చదవగలిగాను: "కోటిపల్లి రేవులో పంటు దిగే పెళ్లికూతురు ఏ ఊరి పిల్లో మా అమ్మమ్మ చెప్పేసేది, ఆమె మొహం చూసి కాదు, వెనకాల దిగే ముగ్గురిని చూసి."

ఎందుకు కొట్టేశావమ్మా ఇది? సైన్సు వ్యాసంలో అమ్మమ్మలు రాకూడదని ఎవరైనా చెప్పారా? నీ ఎనిమిది పేజీల్లోనూ ఎస్‌హెచ్2 సంగతి సరిగ్గా చెప్పిన వాక్యం అదొక్కటే.

చూడు. పెళ్లికూతుళ్లందరికీ ఒకటే బాసికం, ఒకటే పసుపు బట్టలు. ప్రోటీనంటే టైరోసిన్, ఆర్జినిన్, సెరిన్, త్రియోనిన్ లాంటి అమైనో ఆమ్లాల గొలుసు. అందులో టైరోసిన్ మీద ఫాస్ఫేట్, అంటే భాస్వరం ఉన్న చిన్న గుంపు, ఎక్కడమంటే బాసికం కట్టడమే. ఎస్‌హెచ్2 మొదట చూసేది దాన్నే. దాని గుంట అడుగున ధనావేశంతో ఒక ఆర్జినిన్ కూర్చుని ఉంటుంది, ఫాస్ఫేట్‌ది రుణావేశం. టైరోసిన్ చెయ్యి పొడుగు కాబట్టి ఫాస్ఫేట్‌ను అడుగుదాకా అందిస్తుంది. సెరిన్, త్రియోనిన్‌ల మీదా ఫాస్ఫేట్ ఎక్కుతుంది కానీ వాటి చెయ్యి పొట్టి, అక్కడిదాకా రాదు. ఇంతవరకూ నువ్వూ రాశావు, బాగానే రాశావు. కానీ మనిషి ప్రోటీన్లలో ఎస్‌హెచ్2లు దాదాపు 120 ఉన్నాయి. అన్నీ బాసికమే చూస్తే ఎవరి పెళ్లికి ఎవరు వెళ్లినట్టు? అక్కడ నువ్వు "ప్రత్యేకంగా గుర్తిస్తుంది" అనేసి దాటిపోయావు. కళ్లు లేని ప్రోటీను ఎలా గుర్తిస్తుంది?

వెనకాల దిగే ముగ్గురిని చూసి. టైరోసిన్ తర్వాత వచ్చే అమైనో ఆమ్లాలను చూసి. సార్క్ అనే ప్రోటీను ఎస్‌హెచ్2కి వరసగా గ్లూటమేట్, గ్లూటమేట్, ఐసోల్యూసిన్ ఉంటే ఇష్టం. మూడోదైన ఐసోల్యూసిన్ వెళ్లి ఇంకో చిన్న గుంటలో కూర్చుంటుంది. గ్రబ్2 అనే ఇంకో ప్రోటీనులోది అలా కాదు. దాని దారికి అడ్డంగా ఒక ట్రిప్టోఫాన్ ఉంది. వచ్చిన గొలుసు నిటారుగా పోలేక మలుపు తిరుగుతుంది, ఆ మలుపులో కుదరాలంటే రెండో స్థానంలో ఆస్పరజిన్ ఉండాలి. గుర్తించడమంటే ఇదీ. దీన్ని తాళంచెవి అంటే ఏం తెలుస్తుంది చెప్పు?

ఆ ఉపమానం వయసెంతో తెలుసా? 1894లో ఎమిల్ ఫిషర్ ఎంజైముల గురించి చెప్పింది. ఆ మరుసటి జనవరిలో భీమవరంలో జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారు పుట్టారు. ఆయనా పోయారు, ఆయన కనిపెట్టిన వాటి మీద ఎన్ని తరాలో బతికాయి. మనం ఇంకా ఆ తాళంచెవే బొడ్డులో దోపుకుని తిరుగుతున్నాం.

తాళంచెవితో అసలు చిక్కు వేరే ఉంది. అది పట్టడమే చెబుతుంది, వదలడం చెప్పదు. రేవులో పంటు ఆగగానే సరంగు గుంజకి మోకు వేసేది జారుముడి. ఒక్క లాగుతో ఊడిపోవాలి. గట్టిముడి వేస్తే అవతలి ఒడ్డు జనం అక్కడే నిలబడి ఉంటారు. ఎస్‌హెచ్2ది జారుముడే, పట్టు ఒక మోస్తరు, సెకన్లలో వదిలేస్తుంది. పట్టుకుని ఉన్నంతసేపూ ఫాస్ఫేట్‌ను తీసేసే ఎంజైముకి సందు దొరకదు. వదిలితేనే దొరుకుతుంది, అప్పుడే కబురు ఆగుతుంది. 2012లో కొందరు ఒక ఎస్‌హెచ్2లో మూడే మూడు అమైనో ఆమ్లాలు మార్చి విపరీతంగా గట్టిగా పట్టేలా చేశారు. దాన్ని కణాల్లో పెడితే సంకేతం పెరగలేదు, అడ్డం పడింది. నీ వ్యాసంలో "పట్టుకుంటుంది" పంతొమ్మిదిసార్లు ఉంది. లెక్కపెట్టాను. "వదులుతుంది" ఒక్కసారీ లేదు.

ఇంకో తప్పు. "గ్రబ్2 రాస్‌ను వెలిగిస్తుంది" అన్నావు. రాస్ అంటే కణాన్ని పెరగమనే కబురు మోసే ప్రోటీను. గ్రబ్2కి వెలిగించే శక్తి ఏదీ లేదు, అది పెళ్లిళ్ల పేరయ్య లాంటిది. మధ్యలో ఎస్‌హెచ్2, రెండు పక్కలా ఎస్‌హెచ్3 అనే మరో రకం పట్టుముక్కలు రెండు, అంతే. ఆ రెండిటితో సాస్ అనే ఇంకో ప్రోటీనులో ప్రోలిన్ అనే అమైనో ఆమ్లాలు ఎక్కువున్న చోటు పట్టుకుని దాన్ని కణం పొర దగ్గరికి తీసుకొస్తుంది. రాస్ ఆరి ఉన్నప్పుడు పట్టుకునే జీడీపీ అనే అణువును వదిలించి, దాన్ని వెలిగించే జీటీపీని పట్టించేది సాస్.

"ఒక ఫాస్ఫేట్ వచ్చి చేరుతుంది" అని కూడా రాశావు. ఎక్కడి నుంచి వస్తుందమ్మా, బస్సు దిగా? కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే అణువు నుంచి. సుబ్బారావు గారు ఫిస్క్‌తో కలిసి 1925లో భాస్వరాన్ని నీలం రంగుతో కొలిచే పద్ధతి చెప్పారు. ఆ కొలత పట్టుకునే కండరంలో వెతికి 1929లో ఏటీపీ దగ్గరికి వెళ్లారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా కనుక్కున్నాడనుకో. నేను ముప్పయ్యేళ్ల కిందట ఇదే సంగతి ఒక వారపత్రికకి రాశాను. బడి అయ్యాక రాత్రుళ్లు కూర్చుని ఆరుసార్లు తిరగరాసిన వ్యాసం. ఎడిటరు గారు నీలం రంగు పేరా మొత్తం ఎత్తేసి, భాస్వరం అన్నాను కదా అని పక్కన ఎరువుల బస్తా బొమ్మ వేశారు. మర్నాడు మా ఊరి ఎరువుల కొట్టాయన ఇంటికొచ్చి "మాస్టారూ, మా డీఏపీ గురించి బాగా రాశారండీ" అన్నాడు. ఇప్పటి వాళ్లు బస్తా వేయరు, "మీకు తెలుసా?" అని మొదలుపెడతారు. తెలిస్తే ఎందుకు చదువుతాడు?

కలం పేరు గురించీ పారితోషికం గురించీ అడిగావు. తర్వాత చూద్దాం. 14-3-3 అనే ప్రోటీన్ల పేరా మాత్రం ఇందులోంచి తీసెయ్యి. అది సెరిన్, త్రియోనిన్‌ల మీది ఫాస్ఫేట్ చూసేది, ఈ పెళ్లికి పిలవని చుట్టం. దానికి వేరే వ్యాసం రాద్దువుగాని.

కొట్టేసిన వాక్యం మళ్లీ పెట్టి పంపు. అమ్మమ్మ ఉంటే ఒక మాట అడిగి రాయి: ఆ ముగ్గురిలో ముందు ఎవర్ని చూసేదట, తోడిపెళ్లికూతురినా, మేనమామనా?

ఆశీస్సులతో,
మాస్టారు